రెండు ప్రయోగశాలల నడుమ: పీహెచ్‌డీ తరువాత ఉమ్మడి పరిశోధనలో చోటు సంపాదించడం ఎలా

నెల్లూరు, ఒంగోలు వైపు పీహెచ్‌డీ ముగించినవారిని బంధువులు మొదట అడిగేది "ఇక లెక్చరర్ ఉద్యోగమేనా?" అనే. "ఇంకో రెండేళ్లు పరిశోధన చేస్తాను" అంటే, పరీక్ష తప్పి మళ్లీ కూర్చుంటున్నవాడిని చూసినట్టు చూస్తారు. పోస్ట్‌డాక్ అనేది చదువు కాదు, స్థిరమైన ఉద్యోగమూ కాదు. పట్టా వచ్చిన పరిశోధకుడు ఒక ప్రయోగశాలలోనో విభాగంలోనో రెండు మూడేళ్లపాటు జీతం తీసుకుంటూ, గైడు చేయి వదిలి, తన ప్రశ్నను తానే నడిపే దశ అది. విక్రమ సింహపురిలోనో, ఆంధ్ర కేసరిలోనో, పక్కనున్న తిరుపతి, గుంటూరు విశ్వవిద్యాలయాల్లోనో పీహెచ్‌డీ చేసి, ఇతర సంస్థలతో కలిసి పనిచేసే విశ్వవిద్యాలయంలో అలాంటి చోటు కోసం వెతుకుతున్నవారిని ఉద్దేశించి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. ఒంటరిగా పనిచేసే ప్రయోగశాల మీకు ఏ పద్ధతులు వచ్చో చూస్తుంది. ఉమ్మడిగా పనిచేసే చోట దానితోపాటు, ఇప్పటివరకు విడివిడిగా ఉన్న ఏ రెండు పనులను మీరు కలపగలరో చూస్తారు. దరఖాస్తులో ప్రతి వాక్యమూ ఈ రెండో సంగతికి జవాబు చెప్పేలా ఉండాలి.

ఏది ఉమ్మడి, ఏది ఫొటో

ఒప్పంద పత్రాల మీద సంతకాలు చేసి, శాలువాలు కప్పుకొని, పూలగుత్తులు పట్టుకొని దిగిన ఫొటోలు జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తాయి. వాటిలో చాలా ఒప్పందాలు ఆ ఫొటోతోనే ముగుస్తాయి. కాబట్టి విశ్వవిద్యాలయం వెబ్‌సైటులోని ఒప్పందాల జాబితాను పక్కన పెట్టి, మీ విషయంలో పనిచేసే ఆచార్యుల గత ఐదేళ్ల పరిశోధన పత్రాలను తెరవండి. రచయితల పేర్ల కింద రెండు సంస్థల చిరునామాలు ఉన్నాయా, అవే రెండు బృందాలు ఒకసారి కాక రెండు మూడుసార్లు కలిసి రాశాయా, ఆ పత్రాల్లో మొదటి రచయిత విద్యార్థా, పోస్ట్‌డాకా అన్నది చూడాలి. పత్రం చివర కృతజ్ఞతల భాగంలో నిధులు ఏ పథకం నుంచి వచ్చాయో ఉంటుంది. మన వాళ్లు దాదాపుగా చదవని ఆ నాలుగు పంక్తుల్లోనే ఆ ప్రయోగశాలకు ఎవరితో పొత్తు ఉందో, ఆ పొత్తుకు డబ్బు ఎంతకాలం ఉందో తెలిసిపోతుంది.

రెండు ప్రభుత్వ పథకాల జాబితాలు కూడా ఈ వెతుకులాటలో ఉపయోగపడతాయి. 2018లో మొదలైన స్పార్క్ పథకం భారతీయ సంస్థలకూ విదేశీ విశ్వవిద్యాలయాలకూ మధ్య ఉమ్మడి ప్రాజెక్టులకు నిధులు ఇచ్చింది. 2023 నాటి చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్ నడిపే పెయిర్ పథకంలో ఒక పెద్ద సంస్థ హబ్‌గా ఉండి, కొన్ని విశ్వవిద్యాలయాలను స్పోక్‌లుగా వెంట నడిపిస్తుంది. ఈ జాబితాల్లో మీ విషయానికి దగ్గరగా ఉన్న ప్రాజెక్టు కనిపిస్తే, అక్కడ ఇప్పటికే చేతులు కలిశాయని అర్థం. మీరు కొత్తగా పొత్తు కుదర్చనక్కర లేదు, అందులో ఖాళీగా ఉన్న పనిని గుర్తిస్తే చాలు.

ప్రశ్న మన నేలలోనే ఉంది

ఢిల్లీ, బెంగళూరు అభ్యర్థుల దగ్గర ఖరీదైన యంత్రాల మీద పనిచేసిన అనుభవం ఉంటుందనీ, మన దగ్గర ఏముందనీ చాలామంది చిన్నబుచ్చుకుంటారు. ఈ మాటను నేను ఒప్పుకోను. మన రెండు జిల్లాల్లో ఉన్న పరిశోధన సామగ్రి వేరేచోట దొరకనిది. అయితే దాన్ని "మా ఊరి సమస్య"గా చెప్పకుండా, రెండు ప్రయోగశాలలకు పని కల్పించే ప్రశ్నగా మలచాలి.

ఫ్లోరైడ్ సంగతే తీసుకుందాం. తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, పళ్లు పాడయ్యే వ్యాధిని మన దేశంలో మొదట నివేదించినది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పట్లో ఆ జిల్లాలోనివే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఎనభై ఏళ్లు దాటినా కనిగిరి వైపు ఈ సమస్య తీరలేదు. ఈ విషయం మీద "ఫ్లోరైడ్ స్థాయుల అధ్యయనం" అని ప్రతిపాదన రాస్తే ఎవరూ కన్నెత్తి చూడరు, అలాంటివి వందల కొద్దీ వచ్చి ఉంటాయి. రాళ్లలోని ఏ ఖనిజం నుంచి, ఏ లోతులో, ఏ కాలంలో ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుందో చూసే భూరసాయన ప్రయోగశాలనూ, అదే ఊరి పిల్లల పళ్లనూ తిండినీ పరిశీలించే వైద్య పరిశోధన బృందాన్నీ ఒకే బావుల జాబితా మీదికి తెచ్చే ప్రతిపాదన రాస్తే, ఆ రెండు బృందాలకూ మీ అవసరం కలుగుతుంది.

రొయ్యల సాగులో ఈ అవకాశం ఇంకా ఎక్కువ. 2009లో వెనామీ రకానికి దేశంలో అనుమతి వచ్చిన తరువాత మన తీరం రూపమే మారిపోయింది. అంతకు ముందు టైగర్ రొయ్యను తొంభైల నడుమ తెల్లమచ్చ వైరస్ దెబ్బతీసిన సంగతి చెరువుల గట్ల మీద పెరిగిన ప్రతివారికీ తెలుసు. ఇప్పటి బెడద ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి. ఇది రొయ్యను ఉన్నపళంగా చంపదు, ఎదగనివ్వదు. మేత ఖర్చు పెరుగుతూనే ఉంటుంది, కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) మాత్రం దిగదు. ఒకే కాలువ నుంచి నీరు తీసుకునే రెండు చెరువుల్లో ఒకటి దెబ్బతిని, మరొకటి గట్టెక్కడానికి కారణమేమిటి? దీనికి జవాబు చెప్పాలంటే నీటిలోని సూక్ష్మజీవుల జన్యుక్రమం చదివే ప్రయోగశాల ఒకటి, నీటి, అడుగుమట్టి రసాయనం చూసే ప్రయోగశాల మరొకటి కావాలి. ఆ రెండింటికీ దొరకనిది రైతు రాసుకునే మేత పుస్తకం. హ్యాచరీ నుంచి పిల్ల ఎప్పుడు తెచ్చాడో, ఎన్ని రోజులకు ఏ మందు చల్లాడో అందులో ఉంటుంది. ఆ పుస్తకాన్ని రైతు మీ చేతికి ఇస్తాడంటే, దరఖాస్తులో అది ఒక యంత్రంతో సమానమైన అర్హత. ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాల నెల్లూరు జిల్లాలోనే ఉంది, ఉప్పునీటి ఆక్వాకల్చర్ కేంద్ర పరిశోధన సంస్థ చెన్నైలో ఉంది. స్థానిక భాగస్వామి కోసం దూరం వెళ్లనవసరం లేదు.

పశువైద్యం, జన్యుశాస్త్రం చదివినవారికి ఇంకో దారి ఉంది. మన ఒంగోలు జాతి పశువులు సముద్రం దాటి బ్రెజిల్ చేరి, అక్కడ నెలోరె అనే పేరుతో ఆ దేశపు మాంస పశువుల్లో ప్రధాన జాతిగా స్థిరపడ్డాయి. ఆ పేరు నెల్లూరుదే. అక్కడి మందలను మాంసం కోసం తరతరాలుగా ఎంపిక చేస్తూ వచ్చారు, ఇక్కడి మూల జాతి దుక్కికీ బండికీ పనికివచ్చేలా పెరిగింది. ఒకే జాతిని రెండు ఖండాలు రెండు రకాలుగా మలచిన ఈ ఉదాహరణ మీద పనిచేయడానికి రెండు వైపులా మనుషులు అవసరం. బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్ర పరిశోధన నిధి సంస్థ ఫపెస్ప్ ఇచ్చే పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌లకు ఇతర దేశస్థులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. మనవాళ్లు అమెరికా వైపు చూసినంతగా అటు చూడరు.

సామాజిక శాస్త్రాలవారికి 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం ఉంది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు ఒక రాష్ట్ర ప్రభుత్వ విధానాన్ని మార్చిన ఆ ఘట్టంలో పాల్గొన్నవారు ఇప్పుడు వృద్ధులు. వారి మాటలను రికార్డు చేసి భద్రపరిచే మౌఖిక చరిత్ర పని ఇంకా వాయిదా వేస్తే మిగిలేది పత్రికల కత్తిరింపులే. తెలుగు సాహిత్యంవారికి మైసూరు నుంచి నెల్లూరుకు తరలివచ్చిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం దగ్గరలోనే ఉంది. శాసనాల భాషను కంప్యూటర్ శాస్త్రవారితో కలిసి చదివే ప్రతిపాదన రాయగలిగినవారు ఇప్పటికీ తక్కువమందే.

డబ్బు ఎవరి చేతి మీదుగా వస్తుంది

పోస్ట్‌డాక్ జీతం మూడు దారుల్లో వస్తుంది. మీ పేరు మీదే ఫెలోషిప్ తెచ్చుకోవచ్చు. ఆచార్యుల ప్రాజెక్టులో రిసెర్చ్ అసోసియేట్‌గా చేరవచ్చు. ఐఐటీలు, ఐసర్ల (కేంద్ర విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థల) వంటివి తమ నిధులతో ఇచ్చే పోస్టు పొందవచ్చు. ప్రాజెక్టు పోస్టులు సంస్థ వెబ్‌సైటులో ఒక పేజీ ప్రకటనగా వచ్చి, రెండు మూడు వారాల్లో వాక్-ఇన్ ఇంటర్వ్యూతో ముగిసిపోతాయి. తిరుపతి ఐఐటీ, తిరుపతి ఐసర్, వాతావరణ శాస్త్రంవారైతే గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వెబ్‌సైట్లను వారానికి ఒకసారి చూడడం అలవాటు చేసుకోవాలి. కేంద్ర నిధుల ప్రాజెక్టుల్లో అసోసియేట్‌కు 2023లో సవరించిన రేట్ల ప్రకారం అనుభవాన్ని బట్టి నెలకు 58,000, 61,000, 67,000 రూపాయలు, వాటి మీద ఇంటి అద్దె భత్యం ఉంటాయి.

సొంత ఫెలోషిప్‌కే నా ఓటు. ప్రాజెక్టు పోస్టులో పని ఇతరులు నిర్ణయించినది. ఉమ్మడి ప్రాజెక్టులో అయితే ఇద్దరు యజమానులు నిర్ణయించినది. ఫెలోషిప్ మీదైతే ప్రశ్న కూడా మీదే అవుతుంది. అనుసంధాన్ ఫౌండేషన్ ఇచ్చే నేషనల్ పోస్ట్ డాక్టొరల్ ఫెలోషిప్ రెండేళ్లు నడుస్తుంది, జీవితంలో ఒక్కసారే ఇస్తారు, వయోపరిమితి 35 ఏళ్లు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాలకు, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది. బయోటెక్నాలజీ శాఖ అసోసియేట్‌షిప్‌కు పురుషులకు 40, మహిళలకు 45 ఏళ్ల వరకు అవకాశం ఉంది. సామాజిక శాస్త్రాల మండలి ఫెలోషిప్‌కు 45 ఏళ్ల వరకు దరఖాస్తు చేయవచ్చు. పెళ్లి, పిల్లల వల్ల పరిశోధన ఆపేసిన మహిళలు ఇక అంతేనని అనుకోకుండా, 27 నుంచి 60 ఏళ్లవారి కోసం ఉద్దేశించిన వైజ్ పోస్ట్‌డాక్ పథకాన్ని చూడాలి. వీటి నియమాలు నోటిఫికేషన్ నోటిఫికేషన్‌కూ కొంత మారుతుంటాయి కాబట్టి, నాతో సహా ఎవరి మాటనూ నమ్మకుండా ఆ ఏటి ప్రకటనను చివరి పేజీ వరకు చదవండి.

విదేశాలకు వెళ్లదలచినవారు గడువుల కన్నా ముందు పట్టా తేదీని లెక్కపెట్టుకోవాలి. జర్మనీ హుంబోల్ట్ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ వచ్చి నాలుగేళ్లు దాటకూడదు; దరఖాస్తు ఏడాది పొడవునా పంపవచ్చు. అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ పోస్ట్‌డాక్‌కూ నాలుగేళ్ల నియమమే ఉంది. జపాన్ విజ్ఞాన ప్రోత్సాహక సంస్థ జేఎస్‌పీఎస్ ఇచ్చే ఫెలోషిప్‌కు ఆరేళ్లు. యూరప్‌లోని మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు దరఖాస్తును హోస్ట్‌తో, అంటే అక్కడ మీకు చోటిచ్చే ఆచార్యులతో, కలిసి రాయాలి. గడువు మామూలుగా సెప్టెంబరులో పడుతుంది కనుక ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే హోస్ట్‌ను ఒప్పించుకోవాలి. గడువుకు ముందరి 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉన్నవారికి అర్హత లేదన్న నియమం మరచిపోయి, అప్పటికే అక్కడ పనిచేస్తున్నవారు చివరి నిమిషంలో కంగుతింటుంటారు.

మెయిలు, పేరు, సిఫారసు

"రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్" అని మొదలుపెట్టి యాభై మందికి ఒకేసారి పంపే మెయిలుకు జవాబు రాదు. ఒక్కరికి, వారి పేరుతో, వారి పత్రాల్లో ఒకదాన్ని నిజంగా చదివి రాయాలి. మొదటి రెండు వాక్యాల్లో మీరెవరో, రెండో పేరాలో వారి పనిలో ఎక్కడ ఆగిపోయిందని మీకు తోచిందో, మూడో పేరాలో దాన్ని ముందుకు తీసుకెళ్లడానికి మీ దగ్గరున్నదేమిటో, చివర ఏ ఫెలోషిప్‌కు, ఏ గడువులోగా కలిసి దరఖాస్తు చేద్దామనుకుంటున్నారో చెబితే అరపేజీ సరిపోతుంది. రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తుచేయండి. మూడోసారి మాత్రం వద్దు. ఉమ్మడి ప్రాజెక్టు అయితే ఇద్దరు ఆచార్యులకూ ఒకే మెయిలులో రాయడం మేలు. విడివిడిగా రాసి, ఒకరికి తెలియకుండా మరొకరిని ఒప్పించబోతే మొదటికే మోసం వస్తుంది.

సీవీలో డబ్బు కట్టి అచ్చువేయించుకున్న పత్రికల వ్యాసాలను తీసేయండి. పదిహేను వ్యాసాల నడుమ నాలుగు అలాంటివి కనిపిస్తే మిగిలిన పదకొండింటినీ అనుమానంగానే చూస్తారు. నమ్మదగిన పత్రికలంటూ తాను నడిపిన కేర్ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో రద్దు చేసింది కాబట్టి "కేర్ జాబితాలో ఉంది" అన్న మాట ఇప్పుడు ఎవరినీ ఒప్పించదు.

పేరు విషయంలో మన తెలుగువారి తిప్పలు ప్రత్యేకమైనవి. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, మొదటి పరిశోధన పత్రంలో ముందు, రెండో దానిలో వెనుక ఉంటే, వెతికేవారికి మీరు ముగ్గురు మనుషులుగా కనిపిస్తారు. పరిశోధకులకు విడివిడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య ఆర్కిడ్ (ORCID) తీసుకొని అన్ని పత్రాలనూ దాని కిందికి చేర్చుకోవాలి, ఇకపై రాసేవాటిలో పాస్‌పోర్టులో ఉన్న పేరే వాడాలి.

సిఫారసు లేఖల గురించి చెప్పడానికి కొంచెం మొహమాటంగానే ఉంది. "నువ్వే రాసుకొని తీసుకురా, సంతకం పెడతాను" అనడం మన దగ్గర పెద్దలకు అలవాటు. అలా రాసిన మూడు లేఖలూ ఒకే గొంతుతో ఉంటాయి, చదివేవారు వెంటనే పసిగడతారు. గైడుగారు అలాగే అంటే లేఖ రాసి ఇవ్వకుండా, మీరు ఏ నెలలో ఏ చిక్కును ఎలా విప్పారో ఒక పేజీ వివరాలు రాసి ఇవ్వండి. "సార్, ఇవి చూసి మీ మాటల్లో నాలుగు ముక్కలు రాస్తే చాలు" అంటే చాలామంది కాదనరు. మూడు లేఖల్లో ఒకటి మీ విశ్వవిద్యాలయం బయటివారిది కావడం అవసరం.

పోస్టు ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారు ఎవరైనా సరే, వారితో మాట అక్కడితో ఆపేయాలి. ఫెలోషిప్ పోటీలో దళారీకి చోటు లేదు.

చేరకముందే కాగితం మీద

నా మొదటి పోస్ట్‌డాక్‌లో నీటి నమూనాలను రెండు ప్రయోగశాలల్లో పరీక్షించాలని అనుకున్నాం. ఏ పరీక్ష ఎవరు చేయాలో అందరికీ తెలుసనుకున్నారు, ఎవరూ రాసుకోలేదు. వేసవిలో ఊరూరా తిరిగి తెచ్చిన సీసాలు ఏడు నెలలు ఫ్రిజ్‌లోనే ఉండిపోయాయి. ఇటువారు అటువారి కోసం, అటువారు ఇటువారి కోసం ఎదురుచూశారు. ఫలితాలు వచ్చాక మొదటి రచయిత ఎవరన్న తగువు ఇంకో మూడు నెలలు తినేసింది. ఇద్దరూ మంచివారే. మంచితనం మీద నమ్మకంతో కాగితం రాసుకోకపోవడమే మా తప్పు.

అందుకని చేరేముందు ఇద్దరు ఆచార్యులతో కలిసి రెండు పేజీల ఒప్పందం రాసుకోండి. లాయరు అవసరం లేదు, మెయిలులో ముగ్గురూ "సరే" అంటే చాలు. సెలవు మంజూరు చేసేది, పని తీరు చూసేది ఎవరు; ఏడాదిలో ఎన్ని నెలలు ఏ ఊళ్లో ఉండాలి, ప్రయాణ ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుంది; నమూనాలు, సమాచారం ఎక్కడ భద్రపరచాలి, మీరు వెళ్లిపోయాక వాటిని వాడుకునే హక్కు మీకు ఉంటుందా; మొదటి పత్రంలో పేర్ల వరుస ఏమిటి అన్నవి అందులో ఉండాలి. చెరువుల రైతులకు, బావుల ఊళ్లకు ఫలితాలు తెలుగులో ఎప్పుడు, ఎవరు చెబుతారన్నది కూడా రాయించండి. ఫలితం చెప్పని పరిశోధకుడికి రెండోసారి మేత పుస్తకం దొరకదు.

విదేశీ భాగస్వామి ఉంటే అనుమతుల పని మీ మీద పడుతుందని ముందే తెలుసుకోండి. రొయ్య కణజాలమో, పశువు రక్తమో, మట్టిలోని సూక్ష్మజీవులో దేశం దాటాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి గాని, కేంద్రం ఆమోదించిన ఉమ్మడి ప్రాజెక్టులకు ఉన్న మినహాయింపు గాని చూపాలి. మనుషుల నమూనాలైతే సంస్థ నైతిక సమితి ఆమోదంతోపాటు, విదేశీ భాగస్వామ్యానికి ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలన సమితి ఆమోదం కూడా కావాలి. వీటికి నెలలు పడతాయి. రెండేళ్ల ఫెలోషిప్‌లో మొదటి ఆరు నెలలు వీటికే పోకుండా, ఎంపిక సమాచారం రాగానే దరఖాస్తులు పెట్టాలి. నమూనాలతో పనిలేని విశ్లేషణను మొదటి అర్ధ సంవత్సరానికి ఉంచుకోవాలి.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో ఉంటే ఇరవై నిమిషాల ప్రసంగంలో సగం పీహెచ్‌డీకి, సగం రాబోయే పనికి కేటాయించండి. అందరూ పీహెచ్‌డీకే పదిహేడు నిమిషాలు వాడేస్తారు. ఎదురుగా రెండు విభాగాలవారు కూర్చుంటారు కాబట్టి, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడికి రసాయనమూ, రసాయన శాస్త్రజ్ఞుడికి సూక్ష్మజీవులూ అర్థమయ్యే మాటల్లో చెప్పడం ముందుగా ఇంట్లో ఎవరికైనా చెప్పి చూసుకోవాలి. చివర మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది: ఇంతకు ముందు ఈ రెండు బృందాల మధ్య పనిచేసిన పోస్ట్‌డాక్‌లు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? వారి పేర్లు చెబితే, ఒకరికి మెయిలు రాసి ఫోనులో మాట్లాడండి. చెప్పడానికి తటపటాయిస్తే అది కూడా జవాబే.

అమెరికాకు జే-1 అనే పరిశోధకుల మార్పిడి వీసా మీద వెళ్లేవారు రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నియమం గురించి ఇప్పటికీ పాత మాటలే వింటుంటారు. ఏ దేశానికి ఏ నైపుణ్యాలవారు తిరిగి అవసరమో అమెరికా ప్రభుత్వం పేర్కొనే నైపుణ్యాల జాబితా కారణంగా భారతీయులకు వర్తించిన ఆ నియమాన్ని 2024 డిసెంబరులో జాబితా సవరించినప్పుడు తొలగించారు. ప్రభుత్వ నిధులతో, ఉదాహరణకు ఫుల్‌బ్రైట్ మీద, వెళ్లేవారికి మాత్రం అది అలాగే ఉంది. సంతకం పెట్టే ముందు మీ నిధి ఏ కోవకు వస్తుందో హోస్ట్ విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ కార్యాలయాన్ని లిఖితపూర్వకంగా అడిగి, ఆ జవాబును పట్టా కాగితాలతో పాటు ఫైలులో ఉంచుకోండి.